వేలంపాటకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వేలం జాబితా నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. ఎగిరే స్థితిలో ఉందంటున్న పాత శిక్షణ విమానం టీ-6 టెక్సన్ ఒకటి, రెక్కలు విప్పేసిన రెండంతస్తుల రెక్కల విమానం స్టియర్‌మన్ ఒకటి, సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చిన రేడియల్ ఇంజిన్లు మూడు, షెడ్డు నిండా విడిభాగాలు. పోయినాయన నలభై ఏళ్ళు కూడబెట్టుకున్నదంతా ఒక్క శనివారంలో పాడేస్తున్నారన్నమాట. టెక్సన్ మీద నీకు మనసు పడిందని మీ అమ్మ చెప్పింది. వద్దనను. పందొమ్మిదో ఏట జోధ్‌పూర్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా నా చేతికి మొదట గ్రీజు అంటింది ఆ జాతి విమానం మీదే. మన ఎయిర్‌ఫోర్స్‌లో దాన్ని హార్వర్డ్ అనేవాళ్ళం. మోకాళ్ళు సహకరిస్తే నీతో టెక్సస్ వచ్చేవాణ్ణి. రాలేను కాబట్టి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

విమానం దగ్గరికి పోకముందే కాగితాలు చూడు. సొంతదారు పోయిన ముప్పై రోజులకు ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రిజిస్ట్రేషన్ చెల్లకుండా పోతుంది. కాబట్టి పాడుకున్న మర్నాడే ఎక్కి ఇంటికి ఎగరేసుకొద్దామనుకోకు. అమ్మకం పత్రం మీద సంతకం పెట్టేవాళ్ళకు ఆ హక్కును కోర్టు ఇచ్చిందో లేదో చూడు. కొడుకైనా కూతురైనా సరే, ఎస్టేట్‌కు ఎగ్జిక్యూటర్‌గా, అంటే పోయినాయన ఆస్తి చక్కబెట్టే మనిషిగా, కోర్టు ఇచ్చిన ఉత్తరం కాపీ అడుగు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు. ఓక్లహామా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ నుంచి ఆ విమానం ఫైలు మొత్తం ఈ వారమే తెప్పించుకో. దాని మీద బ్యాంకు అప్పు ఏమైనా ఉందేమో అందులో తెలుస్తుంది. పెద్ద రిపేరు జరిగినప్పుడల్లా దాఖలు చేసే ఫారం 337లు కూడా అందులోనే ఉంటాయి. రెక్క విరిగి అతికించిన విమానమైతే అక్కడ బయటపడుతుంది. లోపల బిగించిన డేటా ప్లేటు మీది సీరియల్ నంబరూ, ఫైల్లో నంబరూ అక్షరం తేడా లేకుండా కలవాలి.

విమానం ఎగిరిన గంటలూ రిపేర్లూ రాసే లాగ్‌బుక్కులు జాబితాలో రాయలేదు. అంతమాత్రాన లేవని కాదు. పదేళ్ళ క్రితం ఓ పెద్దాయన పోయాక ఆయన విమానం చూడ్డానికి వెళ్ళాను. హ్యాంగర్ అంతా వెతికినా పుస్తకాలు లేవు. చివరికి ఆయన భార్యను అడిగితే, వంటింట్లో పాత పన్నుల కాగితాలున్న అట్టపెట్టె చూపించింది. ఆ పెట్టె అప్పటికే చెత్తలో వేయడానికి గుమ్మం దాకా వచ్చింది. తీసి చూస్తే అడుగున 1958 నుంచి రాసిన మూడు లాగ్‌బుక్కులు. వాటి మధ్య ఓ చీటీ, మీద పెన్సిల్‌తో ఆయన చేతిరాత: 'ఎడమ బ్రేకు లాగుతోంది, చూడాలి'. నువ్వు కూడా ఆ ఇంటివాళ్ళతో మాట్లాడు. వేలం కంపెనీ మనిషికి తెలియనివి వాళ్ళకు తెలుసు. ధర సంగతి ఎత్తకుండా ముందు ఆయన గురించి అడుగు. ఆయన్ను తలుచుకునేవాళ్ళు కనిపిస్తే వాళ్ళకూ కాస్త ఊరటగా ఉంటుంది.

ఇక లోహం. 2005లో ఫ్లోరిడాలో ఓ టీ-6 రెక్క గాల్లోనే ఊడిపోయింది. బయటి రెక్కను మధ్య భాగానికి బోల్టులతో పట్టి ఉంచే యాంగిల్‌లో (ఎల్ ఆకారపు లోహపు పట్టీలో) లోహం అలిసిపోయి పగులు పాకింది. ఆ తర్వాత ఎఫ్‌ఏఏ వెంటనే ఎయిర్‌వర్తినెస్ డైరెక్టివ్, అంటే సొంతదార్లు పాటించి తీరాల్సిన భద్రతా ఆదేశం, ఇచ్చింది. ప్రతి 200 గంటలకూ ఆ యాంగిల్స్‌కు ఫ్లోరోసెంట్ పెనెట్రంట్ పరీక్ష చేయాలి. మెరిసే ద్రవం పూసి, తుడిచి, అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే వెంట్రుకంత పగులు కూడా పచ్చగా వెలుగుతుంది. లాగ్‌బుక్కులో ఆ పరీక్ష ఎప్పుడు జరిగిందో, అప్పటికి విమానం ఎన్ని గంటలు ఎగిరిందో వెతుకు. దొరక్కపోతే జరగలేదనే లెక్క వేసుకో. ఖర్చు నీ పాటలోంచి తీసెయ్యాలి.

టార్చి, చిన్న అద్దం తీసుకెళ్ళు. సీట్ల వెనక, తోక లోపల, రెక్క మధ్య భాగం అడుగున చూడు. అల్యూమినియం చెడితే ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. తెల్లటి పొడి వస్తుంది, ముదిరితే తాపేశ్వరం కాజాలా పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఆ ఉబ్బుకు రివెట్ల తలలు లేచి ఉంటాయి. వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఎలుకల గూడు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. గడ్డీ దూదీ తీసేస్తే పోయేది కాదది, ఎలుక మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది. గూడు కింది రేకు ఎంత మిగిలిందో చూడందే ధర చెప్పకు.

టెక్సన్ ఇంజిన్ ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఆర్-1340. తొమ్మిది సిలిండర్లు, ఆరువందల హార్స్‌పవర్, నాకు కన్నబిడ్డలాంటిది. ఎవరైనా చూపించడానికని ప్రొపెల్లర్ తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపు. ఎన్నాళ్ళుగానో కదలకుండా ఉన్న రేడియల్ ఇంజిన్‌లో ఆయిల్ మెల్లగా దిగి అడుగు సిలిండర్లలో చేరుతుంది. ఆయిల్ నొక్కుకుపోదు కదా, బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వంపు అప్పుడు తెలియదు, తర్వాత ఎప్పుడో గాల్లో విరుగుతుంది. ముందు అడుగు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ కారనిచ్చి, బోరోస్కోపుతో (సన్నటి గొట్టం కెమెరాతో) సిలిండర్ గోడలు చూడనిస్తారేమో అడుగు. ఒప్పుకోకపోతే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ ఖర్చు పక్కన పెట్టుకునే పాడు.

నన్నడిగితే నువ్వు ఎక్కువసేపు గడపాల్సింది ఆ షెడ్డులో. కొనేవాళ్ళ చూపంతా విమానం మీదే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా ప్రభుత్వం మిగులు విమానాలను చవగ్గా వదిలించుకుంది. 1946లో పాల్ మాంట్జ్ అనే సినిమా పైలట్ ఓక్లహామాలోని స్టిల్‌వాటర్‌లో 475 విమానాలను 55,000 డాలర్లకు కొన్నాడు. చాలామటుకు తుక్కుకే పోయాయి. అలా మొత్తం మీద కరిగిపోయినవాటి భాగాలే ఈనాడు మనకు దొరకనివి. టెక్సన్, హార్వర్డ్ కలిపి పదిహేను వేలకు పైగా తయారైనా, ఇప్పుడు ఎగిరేవాటికి భాగాలు ఇలాంటి షెడ్లలోంచే రావాలి. మన దేశంలో 1968లో రిటైరై మూలనపడిన ఓ బీ-24 లిబరేటర్ బాంబర్‌ను విప్పి ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి అది అమెరికా చేరి 1989లో మళ్ళీ ఎగిరింది. అందుకే తుక్కులా కనిపించిన పెట్టెనైనా మూత తీసి చూడు.

పెట్టెల మీద నంబర్లు చదువు. 88తో మొదలయ్యే పార్ట్ నంబరు కనిపిస్తే ఆగు, టెక్సన్‌వి చాలా భాగాలు ఆ వరసలోవే. ముదురు రంగు జిడ్డు కాగితంలో చుట్టి, తుప్పు పట్టకుండా కాపాడే కాస్మోలిన్ గ్రీజు పూసి ఉన్నవి బంగారం. రబ్బరు గొట్టాలు, సీళ్ళు మాత్రం సీలు విప్పనివైనా వాడకు, వయసుకే పాడైపోతాయి. బోల్టు తల మీద శిలువ గుర్తు ఉంటే ఏఎన్ (ఆర్మీ-నేవీ) ప్రమాణంతో చేసిన విమానాల బోల్టు. బోడిగా ఉంటే హార్డ్‌వేర్ షాపుది, రెండూ ఒకే డబ్బాలో కలిపేసి ఉంటారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో, పనికొస్తుందో చెప్పే ట్యాగు లేని భాగానికి ధర కట్టకు. 1994లో ఓ వేలంలో పద్నాలుగు సిలిండర్లు ఒకే లాటుగా కొన్నాను, మెరుస్తున్నాయని. ఏ ఒక్కదానికీ పుట్టుపూర్వోత్తరాల కాగితం లేదు. పరీక్షకు పంపితే తొమ్మిదింటి తలల్లో పగుళ్ళు. మీ అత్తయ్య ఆ ఏడాది నగలు తాకట్టు పెట్టింది. ఆ సంగతి ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

పాత గడియారాలు, డయళ్ళు ఉన్న పెట్టె దగ్గర చేతులు అదుపులో పెట్టుకో. చీకట్లో మెరవడానికి వాటికి రేడియం రంగు వేసేవాళ్ళు. మెరుపు చచ్చి అంకెలు గోధుమరంగుకు తిరిగినా రేడియేషన్ పోదు, రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం పగిలినదాన్ని ముట్టుకోకు, ఏదీ విప్పకు. ఇంట్లో చంటిపిల్ల ఉంది.

పాట సంగతి. శుక్రవారం రాత్రే కాగితం మీద ఓ అంకె రాసుకో. దాని మీద వేలం కంపెనీ కమిషన్ ఎంత శాతమో కలుపు, రవాణా కలుపు. రెక్కలు విప్పాలి, క్రేను కావాలి, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాటితే లారీకి ప్రత్యేక పర్మిట్ కావాలి. పాడుకున్న సరుకు ఎన్ని రోజుల్లో తీసుకెళ్ళాలో నిబంధనల్లో చదువు, గడువు దాటితే అద్దె వేస్తారు. ఇన్సూరెన్స్ వాళ్ళతో ఇప్పుడే మాట్లాడు. టెయిల్‌వీల్ (తోక కింద చక్రం ఉండే) విమానం నువ్వు ఎన్ని గంటలు నడిపావని అడుగుతారు, నీకున్నవి చాలవు. పాట ఆ అంకె దాటితే చెయ్యి దించెయ్. అప్పుడు షెడ్డులోని లాట్లు పాడు, వాటికి పోటీ తక్కువ ఉంటుంది.

శుక్రవారం చూడనిచ్చే వేళకి నాకు వీడియో కాల్ చెయ్యి. ఫోన్ పక్కనే కూర్చుంటాను. ముందు రెక్క కింది యాంగిల్స్ చూపించు, తర్వాత షెడ్డు. ముక్కు మీద వేసిన బొమ్మ అన్నిటికన్నా ఆఖర్న చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య