ఇటలీ వెళ్లబోతున్న సుధకి

చి. సుధకి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అది ఉద్యోగం మానేస్తోందక్కా. వర్జిల్ అనే రోమన్ కవి మీద రీసెర్చ్ చేస్తుందట, ఇటలీ వెళ్తుందట. అంతా నీ పోలికే" అంది. నన్ను నిష్ఠూరమాడిందో, నీ గురించి మురిసిపోయిందో తెలియలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రోమన్ మహాకావ్యాలు తర్వాతి కవుల్లో ఎలా బతికాయో చూద్దామని నలభై ఏళ్ల కిందట నేనూ బయల్దేరాను. నాకు కలిగిన గర్వం ఎంతో చెప్పలేను, భయం గురించి మాత్రం చెప్పాలి.

చలికి రెండు స్వెట్టర్లు చాలవు. మందుల చీటీలు వెంట ఉంచుకో. వర్జిల్, ఓవిడ్, లూకన్, స్టేషియస్, ఈ నలుగురినీ ముందు పూర్తిగా చదువు, వాళ్ల మీద రాసిన పుస్తకాలు ఆ తర్వాత. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

నా తప్పు సంగతి నేనే చెప్పాలి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

ఎం.ఫిల్.లో నా అంశం ఇంగ్లీషు కవి మిల్టన్ మీద వర్జిల్ ప్రభావం. లాటిన్ రాదు. లైబ్రరీలో వర్జిల్ మహాకావ్యం ఈనియడ్‌కి డ్రైడెన్ అనే ఇంగ్లీషు కవి చేసిన అనువాదం దొరికింది. రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొని, ప్రతి పేజీ మధ్యలో ఎర్ర ఇంకుతో నిలువు గీత గీశాను. ఎడమవైపు డ్రైడెన్, కుడివైపు మిల్టన్. పోలిక కనబడ్డప్పుడల్లా పక్కపక్కన రాసుకుంటూ పోయాను. డ్రైడెన్ మొదటి రెండు పాదాలు 'ఫేట్', 'హేట్' అనే మాటలతో ముగుస్తాయి. విధి తరిమితే, జూనో దేవి 'అన్‌రిలెంటింగ్ హేట్' వెంటాడితే ఊరు విడిచిన ఈనియస్ కథ అని ఎత్తుకుంటాడు. అటు మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్‌లో ఓడిపోయి నరకంలో పడ్డ సైతాను 'ఇమ్మోర్టల్ హేట్' అంటాడు. చావులేని ద్వేషం. జూనో ద్వేషమే సైతానులోకి వచ్చిందని ఒక అధ్యాయమంతా రాశాను. జాబ్‌వర్క్ చేసే టైపిస్టు దగ్గర కార్బన్ కాపీలతో కొట్టించాను. డబ్బు మీ తాతయ్య సర్దారు.

వైవాలో ఒక పెద్దాయన ఆ అధ్యాయం తెరిచి, మెల్లగా, "డ్రైడెన్ అనువాదం ఎప్పుడు అచ్చయిందమ్మా?" అన్నారు. 1697 అన్నాను. "ప్యారడైజ్ లాస్ట్?" 1667 అన్నాను. ఆ అంకె నోట్లోంచి వస్తుండగానే నా కాళ్లు చల్లబడ్డాయి. ముప్ఫై ఏళ్ల తర్వాత పుట్టిన మాట మిల్టన్‌కి ఎలా చేరుతుంది? ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. "లాటిన్‌లో ఆ చోట ద్వేషం లేదు. 'మెమొరెమ్ ఈరమ్' అని ఉంది. మరిచిపోని కోపం. 'ఫేట్'కి అంత్యప్రాస కుదరాలి కదా, డ్రైడెన్‌కి 'హేట్' అలా వచ్చింది."

నేను అధ్యాయం కట్టిన మాట వర్జిల్‌దే కాదు. మళ్లీ రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. మీ తాతయ్య ఒక్క మాటా అనకుండా టైపింగుకి మళ్లీ డబ్బు నా చేతిలో పెట్టారు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత ఏడుపు వచ్చేది కాదు.

ఇప్పుడు నీ ఫోన్లో ఒక్క నొక్కుకి పది అనువాదాలు వస్తాయి. నాకు దొరికింది ఒక్కటే, దానితోనే అంత పని జరిగింది. అందుకే నీ గురించి ఇంత దిగులు. ఏ మాట ఎవరిదో తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకు.

లాటిన్ అంటే బెదరకు. మా ఊరి క్యాథలిక్ చర్చిలో ముసలి ఫాదర్ గారు ఒకరు ఉండేవారు. లాటిన్‌లో పూజ చేసిన కాలం మనిషి. వైవా అయిన వారానికే వెళ్లి అడిగాను. ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో కూర్చోబెట్టి రెండేళ్లు నేర్పారు. మొదటి రోజు ఆయన, ఆయుధాలనీ వీరుణ్ణీ పాడుతున్నానంటూ మొదలయ్యే ఈనియడ్ తొలి పాదం, "అర్మ విరుమ్‌క్వె కనో, ట్రోయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్" అని చదువుతుంటే నా వేళ్లు వాటంతటవే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. 'అర్మ వి', ఒక గురువు, రెండు లఘువులు. 'రుమ్‌క్వె క', మళ్లీ అదే. భగణం సుధా, మన భగణమే! ఉత్పలమాల మొదలయ్యేది దానితోనే కదా. తర్వాత 'నో ట్రో', రెండు గురువులు. పాదానికి ఆరు గణాలు. చివరిది ఎప్పుడూ రెండక్షరాలే. పదో తరగతిలో గణవిభజన చేసిన పిల్లవి, నీకు త్వరగానే పట్టుబడుతుంది. రోజూ పైకి చదువు. పక్కగదిలో వాళ్లు ఏమనుకున్నా సరే.

ఫాదర్ గారు నా నోట్‌బుక్ తిరగేసి, ఎడమ అంచున స్కేలు పెట్టి ఇంకో గీత గీశారు. "ఈ గడి లాటిన్‌కి. ముందు ఇది నిండాలి" అన్నారు. అది నింపుతూ పోతే నా పోలికల్లో సగం రాలిపోయాయి. అసలు ప్రభావం వేరేచోట కనిపించింది. ప్రాస లేని బ్లాంక్ వర్స్ ఇంగ్లీషులోకి వచ్చిందే ఈనియడ్‌తో. మిల్టన్‌కి నూరేళ్ల ముందు సర్రే ప్రభువు రెండు, నాలుగు సర్గలను అనువదిస్తూ దాన్ని వాడాడు. మిల్టన్ మొదట పది సర్గలుగా అచ్చువేసిన కావ్యాన్ని 1674లో పన్నెండు చేశాడు, ఈనియడ్‌కి ఉన్నన్ని. నేను ఒక్కొక్క మాటనీ పట్టుకుని వెతికాను, ఆయన ఇల్లంతా ఆ కొలతకే కట్టుకున్నాడు.

అలాగని మాట ఎప్పుడూ మోసం చేస్తుందని కాదు. ఈనియడ్ నాలుగో సర్గలో భర్త పోయిన డైడో, ఈనియస్‌ని చూశాక చెల్లెలితో అంటుంది: పాత మంట జాడలు గుర్తుపడుతున్నాను అని. పదమూడు వందల ఏళ్ల తర్వాత ఇటాలియన్ కవి డాంటే, తన పరలోక యాత్రా కావ్యంలోని పర్గెటోరియో భాగం ముప్ఫయ్యో సర్గలో, తను ప్రేమించిన బియాట్రిస్‌ని చూసి వణికిపోతాడు. భయపడ్డ పిల్లాడు అమ్మ దగ్గరికి పరిగెత్తినట్టు ఆ కథలో తనకి దారిచూపే గురువైన వర్జిల్ వైపు తిరిగి, అదే మాట ఇటాలియన్‌లో చెప్పబోతాడు. వర్జిల్ అక్కడ లేడు. నరకమంతా చెయ్యి పట్టి దాటించినవాడు, చెప్పకుండా వెళ్లిపోయాడు. గురువుగారి పాదాన్నే గురువుగారికి వినిపించబోతే వినేవాడు లేడు. నీ పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఆ ఒక్క చోట అంటాను. మీ తాతయ్య పోయిన ఏడాది ఆ సర్గ మళ్లీ చదివాను. పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కమోయిష్‌ని మాత్రం వదలకు. మీ గైడ్ అక్కర్లేదన్నా చదువు. 1572లో వచ్చిన ఆయన పోర్చుగీసు కావ్యం కూడా ఆయుధాలతో, వీరులతోనే ఎత్తుకుంటుంది. వర్జిల్ ఓడ ఇటలీకి చేరితే, ఈయన ఓడ వాస్కో డ గామాతో మన కాలికట్‌కి చేరుతుంది. వీనస్ దేవి అక్కడా అండగా నిలుస్తుంది. రోమ్ పుట్టుకని పాడడానికి అగస్టస్ చక్రవర్తి కాలంలో చేసిన మూస, పదిహేను వందల ఏళ్ల తర్వాత మన తీరం మీదికి వచ్చిన ఓడల్ని పాడడానికి పనికొచ్చింది. ఆ కావ్యంలో ఒడ్డున నిలబడి చూస్తున్నవాళ్లు మనవాళ్లు. అక్కడి తరగతిలో ఈ మాట నువ్వు అనకపోతే ఇంకెవరు అంటారు? గొంతు తగ్గించకు.

ఇంకొక్కటి. వర్జిల్ క్రీ.పూ. 19లో పోయేనాటికి ఈనియడ్ పూర్తి కాలేదు. తగలబెట్టెయ్యమన్నాడని పాత జీవితచరిత్రలు చెబుతాయి. అగస్టస్ ఆజ్ఞ మీద స్నేహితులు వేరియస్, టుక్కా దాన్ని లోకానికిచ్చారు. సగంలో ఆగిన పాదాలు యాభైకి పైగా ఉన్నాయి, వాటిని అలాగే ఉంచారు. నన్నయ ఆపినచోట ఎర్రన అందుకున్న భారతం చదివి పెరిగినదాన్ని, మొదట్లో నాకది వింతగా తోచింది. ఇప్పుడు వేరియస్, టుక్కాల మీద గౌరవం. నీకు తెలియనిచోట నువ్వూ అలాగే ఖాళీ వదిలెయ్యి. చదివేవాళ్ల ముందు చిన్నబోతానని నింపకు. నేను అలాగే నింపాను.

ఆ నోట్‌బుక్ ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను. అట్ట ఊడింది, మీ పెదనాన్న బైండింగ్ చేయించారు. ఫాదర్ గారు గీసిన గడిలో చాలాచోట్ల ఖాళీలున్నాయి. కొట్టేసినవాటిని చెరపలేదు, చూడు.

ప్రయాణం తేదీ తెలియగానే చెప్పు. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ వద్దంటుంది కానీ, శంషాబాద్‌కి నేను వస్తాను.

మీ పెద్దమ్మ