సేజ్ గ్రౌస్ వేట కోసం 15 వేల డాలర్లు తీయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మూడేళ్లుగా అమెరికాలో, ఐడహో రాష్ట్రంలోని బోయిసీలో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు సెప్టెంబరు ఆఖర్లో ఆఫీసు కొలీగ్ ఒకాయన తన జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ కుక్కతో సేజ్ గ్రౌస్ అనే అడవి పక్షి వేటకు వెళ్తుంటే, చూద్దామని వెంట వెళ్లాను. పొదల మధ్య జోరుగా తిరుగుతున్న కుక్క ఒక్కసారిగా ముందుకాలు ఎత్తి బొమ్మలా ఆగిపోయింది. కాసేపటికి పందెం పుంజంత పక్షి టపటపమంటూ లేచింది. అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. వచ్చే సీజన్‌కి కుక్కపిల్ల, తుపాకీ, ఒక పాత పికప్ ట్రక్కు కొనాలని ఉంది. అంతా కలిపి 15,000 డాలర్లు అవుతుంది. చేతికి వచ్చే జీతం నెలకు 7,200. ఇంటికి పంపే డబ్బుతో సహా ఖర్చు 5,000. బ్యాంకులో 21,000 ఉంది. మా ఆవిడ హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది. ‘మనం ఇండియా వెళ్తే కుక్కని ఎవరు చూస్తారు?’ అని ఒకటే మాట అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీరు అడగని సంగతి చెప్తాను, ఎందుకంటే ఇందులో తేడా వస్తే డబ్బు కాదు, వీసాకే ఎసరు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే దానికి మినహాయింపు ఉంది. కొలీగ్ తుపాకీ ఒక్క గంట అరువు తీసుకున్నా ఇదే రూలు. ఐడహో లైసెన్సు డిసెంబరు 31తో అయిపోతుంది. జనవరి 1 పొద్దున మీరు ఇంకా నిద్ర లేవకముందే, బీరువాలో ఉన్న తుపాకీ నేరం కింద మారిపోవచ్చు. మీ ఆవిడ కూడా తాత్కాలిక వీసా మీదే ఉన్నారు కాబట్టి ఆ తాళం ఆమెకు అందకూడదు. అందుకే మీ బడ్జెట్‌లో నేను రాసే మొదటి పద్దు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక సిట్టింగ్: 300 డాలర్లు. తుపాకీ షాపుకి వెళ్లేది ఆ తర్వాతే.

రెండోది, ఆ 21,000. నెలకు 5,000 ఖర్చున్న ఇంటికి అది నాలుగు నెలల తిండి. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 60 రోజులు. అందులో 15,000 తీసేస్తే మిగిలేది నెలా పది రోజులు కూడా గడవని డబ్బు. ఆ 21,000 ముట్టుకోవద్దు. మీకు నెలకు 2,200 మిగులుతోంది కదా, అందులో 1,500 ఈ నిధిలోకే వేయండి. ఆరు నెలల్లో 30,000 అవుతుంది. వేటకి ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి నెలకు 400 వేయండి. సెప్టెంబరుకి తొమ్మిది నెలలుంది, 3,600 పోగవుతాయి.

మొదటి సీజన్‌కి అంత కూడా అక్కర్లేదు. 1975 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఐడహోలో లైసెన్సు తీసుకోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. దాని ఫీజు స్వల్పమే. ఆరు నెలలు పైబడి అక్కడే స్థిరపడి ఉన్నారు కాబట్టి రెసిడెంట్ రేటు వర్తిస్తుంది. లైసెన్సు, ఒక సేజ్ గ్రౌస్ ట్యాగ్ (ఆ పక్షిని కొట్టడానికి ఇచ్చే అనుమతి చీటీ) కలిపినా 50 డాలర్లు దాటదు. వాడిన 20 గేజ్ షాట్‌గన్ ఒకటి, తాళం పడే బీరువా, బూట్లు, మట్టి పలకల మీద గురి ప్రాక్టీసు, తూటాలు, పెట్రోలు, లాయరు ఫీజు అన్నీ వేసి చూశాను, 2,000 దగ్గర ఆగింది. అమెరికాలో అమ్మే షాట్‌గన్‌లు, తూటాల మీద 11 శాతం ఎక్సైజు పన్ను 1937 నాటి చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. నేను గొణక్కుండా ఒప్పుకునే పన్నుల్లో అదొకటి.

ట్రక్కు వద్దు. బోయిసీకి దక్షిణాన ఉన్న ఒవైహీ కౌంటీ మట్టిరోడ్లు పొడిగా ఉన్నప్పుడు మంచి టైర్లున్న మామూలు ఎస్‌యూవీ చాలు. వాన పడితే ఆ బంకమట్టి మన నల్లరేగడి లాంటిదే, ట్రక్కూ దిగబడుతుంది. ఆ రోజు ఇంట్లో ఉండండి.

ఇక కుక్క. అసలు ఖర్చు ఇదే. తుపాకీ ఒకసారి కొంటే అయిపోతుంది, కుక్క పన్నెండేళ్ల ఈఎంఐ. మంచి జాతి పిల్లకు 1,500, మొదటి ఏడాది టీకాలు, తిండి, బోను కలిపి 2,000, మూడు నెలలు ట్రైనర్ దగ్గర వదిలితే 2,300, జీపీఎస్ కాలర్‌కి 900. ఇక్కడికే 6,700 అయింది. తర్వాత నెలకు 175 అనుకున్నా పన్నెండేళ్లకు 25,200. వెటర్నరీ ఎమర్జెన్సీలు ఇందులో లేవు. సేజ్ పొదల్లో ర్యాటిల్ స్నేక్‌లు ఉంటాయి, గడ్డి గింజల ముళ్లు చెవిలోకి, ముక్కులోకి దూరతాయి, సెప్టెంబరు ఎండకి కుక్కలు సొమ్మసిల్లుతాయి. నా క్లయింటు ఒకాయన చెవిలో దూరిన ఒక్క గడ్డిముల్లు తీయించడానికి కుక్క ధరలో సగం కట్టాడు. ఇన్సూరెన్సు తీసుకుంటే, వేటలో తగిలే దెబ్బలకు వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి.

మీ ఆవిడ అడిగింది ఈ ఉత్తరం మొత్తంలో పదునైన ఆర్థిక ప్రశ్న. రోజుకు 45 డాలర్లు తీసుకునే బోర్డింగ్‌లో నాలుగు వారాలు వదిలితే 1,260. గుంటూరు టికెట్టు ఖర్చులో దాన్ని కూడా కలుపుకోండి. అపార్ట్‌మెంట్ వాళ్లు కుక్కకి నెలనెలా వేసే అద్దె వేరు, లీజు ఒకసారి తీసి చూడండి.

కుక్కను ఈ ఏడాది వద్దనడానికి ఇంకో కారణం ఆ పక్షే. అమెరికా జియొలాజికల్ సర్వే 2021లో చెప్పిన లెక్క ప్రకారం 1965 నుంచి సేజ్ గ్రౌస్ సంఖ్య 80 శాతం పడిపోయింది. మంటలు, ఆ మంటల్ని పెంచే చీట్‌గ్రాస్ అనే గడ్డి కలిసి సేజ్ పొదల్ని మింగేస్తున్నాయి. 2015లో సోడా ఫైర్ ఒక్కటే ఒవైహీ ప్రాంతంలో రెండున్నర లక్షల ఎకరాలు దాటి తగలబెట్టింది. రోళ్లపాడు బట్టమేక పిట్టకి పట్టిన గతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కథేం కాదు. అందుకే 2021 నుంచి ఐడహోలో జోన్ల వారీగా లెక్కపెట్టి ట్యాగులు అమ్ముతున్నారు, ఒక్కో ట్యాగుకి ఒక్క పక్షి. ఏ ఏడాదైనా ఏ జోన్ అయినా మూసేయొచ్చు. అలాంటి పక్షిని నమ్ముకుని ముప్పై వేల డాలర్ల కుక్కను కొనకూడదు. కొంటే చుకర్‌ని నమ్ముకుని కొనండి. అది ఆసియా నుంచి తెచ్చి వదిలిన పక్షి, అక్కడి లోయల్లో జనవరి ఆఖరు దాకా దాని సీజన్ ఉంటుంది. మన కవులు వెన్నెల తాగించిన చకోరం ఇదే. ఆ రాళ్ల కొండలెక్కి దాని వెంటపడితే కవిత్వం వదిలిపోతుంది గానీ, కుక్కకి మాత్రం నాలుగు నెలలు పని దొరుకుతుంది.

ఈ సెప్టెంబరుకి ఒక్క ట్యాగు కొనండి, కొలీగ్ కుక్క వెనకే నడవండి. పెట్రోలు డబ్బు మీరే కట్టండి, కుక్కకు తాగడానికి ఐదు లీటర్ల నీళ్లు, మీ ఇద్దరికీ పులిహోర పట్టుకెళ్లండి. వేట ఖాతాలో మిగిలిన 1,600 అలాగే ఉంచి నెలకు 400 వేస్తూ పోతే, ఇంకో 13 నెలలకి కుక్కకి కావలసిన 6,700 చేతిలో ఉంటుంది. ఈలోగా జనవరిలో కొలీగ్‌తో నాలుగు శనివారాలు మంచులో చుకర్ కొండలెక్కి రండి. ఐదో శనివారం కూడా తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుంటే, అప్పుడు కుక్కపిల్లకి అడ్వాన్సు ఇవ్వండి.