అమ్మను కాశీకి తీసుకెళ్ళడానికి ఎఫ్‌డీ తీయాలా, లోన్ పెట్టాలా?

ప్రశ్న: మాది విజయవాడ. జీతం 38 వేలు, ఖర్చులు పోను నెలకు 9 వేలు మిగులుతాయి. డిసెంబరులో అమ్మ, నేను, నా భార్య కాశీ వెళ్ళి మూడు నిద్రలు చేసి, నాన్నగారికి పిండప్రదానం చేయించాలని అనుకుంటున్నాం. 2 లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉంది. బ్యాంకు వాళ్ళు 50 వేల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ఇప్పుడు సెప్టెంబరు కాబట్టి ప్రయాణాన్ని ఫిబ్రవరి చివరికి జరపండి. అక్టోబరు నుంచి నెలకు 9 వేలు పక్కన పెడితే అప్పటికి 45 వేలు అవుతాయి.

ఆలస్యానికి డబ్బొక్కటే కారణం కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో అటువైపు పొగమంచు విపరీతం, రైళ్ళు గంటల తరబడి ఆలస్యంగా నడుస్తాయి. ఒక రోజు ఎక్కువ ఉండాల్సి వస్తే గది అద్దె, మీ ఇద్దరి సెలవు రెండూ మీదపడతాయి. ఫిబ్రవరిలో అమ్మగారికి చలి బాధ కూడా తక్కువ. శివరాత్రికి అటూ ఇటూ మాత్రం పెట్టుకోకండి, గదులు దొరకవు, దొరికినా రేట్లు వేరు.

లోన్ సంగతి చూద్దాం. 14 శాతం వడ్డీ, 12 నెలలు అనుకుంటే ఈఎంఐ దాదాపు 4,490 పడుతుంది. వడ్డీ 3,870 చిల్లర. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే జీఎస్టీతో కలిపి మరో 1,180. ఇంచుమించు 5 వేలు వాళ్ళకి సమర్పించుకుని, వచ్చాక ఏడాది పొడుగునా కడుతూ కూర్చోవాలి. ఇక ఎఫ్‌డీ. మధ్యలో తీస్తే కొంత వడ్డీ పోతుంది, అది చిన్న విషయం. పెద్దావిడ ఉన్న ఇంట్లో ఆసుపత్రి అవసరానికి ఉన్నది ఆ డబ్బొక్కటే, దాన్ని కదపకండి.

పొదుపుకు పోస్టాఫీసు ఆర్‌డీ పనికిరాదు, అది ఐదేళ్ళది. జీతం పడని ఇంకో సేవింగ్స్ ఖాతాలో వేయండి చాలు. రైలు టికెట్లు 60 రోజుల ముందే బుక్ చేయాలి కాబట్టి డిసెంబరు చివర్లో డబ్బు చేతిలో ఉండాలి. అప్పటికి మీ దగ్గర 27 వేలు ఉంటాయి, ముగ్గురికీ రానుపోను థర్డ్ ఏసీకి 15 వేలు అనుకోండి. అమ్మగారికి సీనియర్ సిటిజన్ రాయితీ వస్తుందని లెక్క వేసుకోకండి, దాన్ని 2020 మార్చిలోనే ఆపేశారు.

గదికి 6 వేలు, భోజనాలకు, ఆటోలకు 6 వేలు అట్టిపెట్టండి. మన తెలుగు సత్రాల్లో గది దొరికితే ఇంకా తగ్గుతుంది, భోజనం బెంగ కూడా ఉండదు. ముందే ఫోన్ చేసి అడగండి. పడవకు, సారనాథ్‌కు 3 వేలు.

అందరూ తప్పు లెక్క వేసేది కర్మ ఖర్చు దగ్గరే. దీనికి 8 వేలు విడిగా కవర్లో పెట్టండి. సామగ్రి, బ్రాహ్మణ భోజనం, సంభావన అన్నీ కలిపి ఎంతో కూర్చునే ముందే అడగండి. పీటల మీద కూర్చున్నాక బేరం ఆడలేం, అమ్మగారి ఎదుట అసలే ఆడలేం. మా మామగారితో వెళ్ళినప్పుడు రేటు మాట్లాడకుండా పడవ ఎక్కాను. దిగేటప్పుడు చెప్పిన అంకెకి నోరు మూసుకుని ఇచ్చాను. గంగ మీద తగువెందుకని ఆయన ఒకటే గొణుగుడు.

మిగిలిన 7 వేలలో 3 వేలు గంగ చెంబులకు, చీరలకు, 4 వేలు చేతి ఖర్చుకు.

ఇంకొక్క మాట. టికెట్లు తీయకముందే అమ్మగారిని గయ సంగతి అడగండి. అంత దూరం వెళ్ళాక ఆవిడకు ఆ మాట రాకుండా ఉండదు. కాశీ నుంచి గయ సుమారు 250 కిలోమీటర్లు. కారు, ఇంకో రోజు గది, అక్కడి పిండాల ఖర్చు కలిస్తే 45 వేలు చాలవు. అవునంటే ప్రయాణం మార్చి చివరికి జరిపి, ఇంకో నెల 9 వేలు కలుపుకోండి.