ఎన్నారై సందేహాలు: లోపెజ్ కామెడీకి నవ్వు రాకపోతే?

ప్రశ్న: శాన్ ఆంటోనియోలో ఉద్యోగంలో చేరి కొన్ని నెలలయింది. ఆఫీసులో నాతో కూర్చుని భోజనం చేసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్లు. మెక్సికన్ అమెరికన్ కమెడియన్ జార్జ్ లోపెజ్ టీవీ కామెడీ మాట వస్తే వాళ్లలో వాళ్లకే పడదు. ఒకావిడ అది అచ్చం మా ఇల్లే అంటుంది. ఇంకొకాయన అది మా పరువు తీసిందంటాడు. మధ్యలో నా అభిప్రాయం అడిగారు. రెండు ఎపిసోడ్లు చూశాను, నవ్వు రాలేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: నవ్వు రాలేదనే చెప్పండమ్మా, తప్పేమీ లేదు. బాగాలేదని తీర్పు ఇవ్వడం మాత్రం కొన్నాళ్లు వాయిదా వేయండి. ముందు వాళ్లు ఏ లోపెజ్ గురించి వాదించుకుంటున్నారో కనుక్కోండి. ఆయన పేరుతో వచ్చిన కామెడీలు ఒకటి కాదు.

మీ భోజనాల బల్ల దగ్గర నలిగేది బహుశా మొదటిదే. 2002 నుంచి 2007 దాకా ఏబీసీ టీవీ ఛానల్లో 120 ఎపిసోడ్లు వచ్చింది. నటి సాండ్రా బుల్లక్ ఆయన స్టాండప్ (వేదికపై ఒంటరిగా చెప్పే హాస్యం) చూసి, నిర్మాతగా వెనక నిలబడి చేయించింది. అందులో జార్జ్ లాస్ ఏంజెలెస్‌లో విమాన విడిభాగాల ఫ్యాక్టరీకి మేనేజరు. తల్లి బెన్నీ కూడా అక్కడే పనిచేస్తుంది. ఆమె నోట ఒక్క మంచిమాట రాదు. నిజ జీవితంలో లోపెజ్‌ను తండ్రి పసితనంలోనే వదిలేశాడు, తర్వాత తల్లీ వెళ్లిపోయింది, అమ్మమ్మ పెంచింది. ఆ ఇంట్లో ముద్దుమురిపాలు తక్కువ, ఎత్తిపొడుపులు ఎక్కువ. ఆయన స్టాండప్ చాలావరకు ఆ అమ్మమ్మ చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు మీ సహోద్యోగులిద్దరినీ చూడండి. ఆవిడకు ముప్పై, ముప్పై అయిదేళ్లుంటాయని నా ఊహ. 2007 తర్వాత పాత ఎపిసోడ్లు పిల్లల ఛానల్ నికెలోడియన్ రాత్రి ప్రసారాల్లో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ వయసువాళ్లు వాటిని చూస్తూ నిద్రపోయినవాళ్లు. తమలాంటి ఇంటివాడు ముఠా మనిషిగానో తోటమాలిగానో కాక, మేనేజరుగా, సొంతింటివాడుగా టీవీలో కనబడటం వాళ్లకు చిన్న విషయం కాదు. పరువు తీసిందన్న ఆయన ఫిర్యాదూ కొట్టిపారేయదగ్గది కాదు. తాగే తల్లి, జాలిలేని పరిహాసాలు, పదే పదే అవే జాతి జోకులు చూసి పక్కింటి తెల్లవాళ్లు మమ్మల్ని ఇలాగే అనుకుంటారేమో అన్న బెంగ అది. మన సినిమాల్లో అమెరికా తెలుగువాళ్లను చూపించే తీరుకు మీకూ ఎప్పుడో ఒళ్లు మండే ఉంటుంది.

ఈ తగువు లోపెజ్‌తో మొదలైందీ కాదు. 1974లో ఎన్‌బీసీ ఛానల్ ‘చికో అండ్ ద మ్యాన్’ అనే కామెడీ మొదలుపెట్టినప్పుడు, తూర్పు లాస్ ఏంజెలెస్ మెక్సికన్ కుర్రాడి పాత్రకు న్యూయార్క్‌కు చెందిన, ప్యూర్టోరికో మూలాలున్న ఫ్రెడీ ప్రింజ్‌ను తెచ్చారని మెక్సికన్ అమెరికన్లు నిరసన తెలిపారు. అదే ప్రింజ్‌ను టీవీలో చూసి కమెడియన్ కావాలని కలగన్న పిల్లవాడు లోపెజ్. 2007లో లోపెజ్ కామెడీని ఆపేసిన ఏబీసీ, అదే ఏడాది బీమా ప్రకటనల్లోని ఆదిమానవులతో ఒక కామెడీ మొదలుపెట్టింది. ఆయన బహిరంగంగానే మండిపడ్డాడు. మీ బల్ల దగ్గర ఈ ముచ్చట కదిపి చూడండి, వాదించుకునే ఇద్దరూ ఒకే పక్షమవుతారు.

2016లో వచ్చిన ‘లోపెజ్’ వేరే సరుకు. అందులో ఆయన డబ్బున్న కమెడియన్‌గా, దాదాపు తనలాగే కనిపిస్తాడు. వెనక నవ్వుల శబ్దం ఉండదు. నాకది నచ్చింది. డబ్బొచ్చాక పాత పేట వాళ్లకూ కొత్త పేట వాళ్లకూ పరాయివాడైపోవడం అందులో బాగా పట్టుకున్నాడు. పాతదానికి అలవాటుపడినవాళ్లు మాత్రం ఇందులో ఇల్లేది, బెన్నీ ఏది అని పెదవి విరిచారు. రెండు సీజన్లతో సరి.

మీరు మొదట చూడవలసింది 2022 నుంచి 2025 దాకా ఎన్‌బీసీలో వచ్చిన ‘లోపెజ్ వర్సెస్ లోపెజ్’. అందులో కూతురు వేషం వేసింది ఆయన సొంత కూతురు మయాన్. అమ్మానాన్నల విడాకుల గురించి ఆమె టిక్‌టాక్‌లో పెట్టిన వీడియోలతోనే దీనికి బీజం పడింది. కథలో ఏళ్ల తరబడి దూరంగా ఉన్న తండ్రి మళ్లీ కూతురి దగ్గరకు చేరతాడు. ఆమె మనసులోది మాట్లాడదామంటుంది, ఆయన జోకు వేసి తప్పించుకుంటాడు. నవ్వులు పాతకాలపువని కొందరు విసుక్కుంటారు, ఆ మాటలో నిజముంది. అయినా ఇక్కడ పుట్టిన పిల్లలతో మన తండ్రులు ఎక్కడ తడబడతారో తెలియాలంటే దీన్ని చూడండి.

క్యాప్షన్లు పెట్టుకుని చూడండి, మధ్యలో దొర్లే స్పానిష్ జారిపోకుండా ఉంటుంది. ఏ ఎపిసోడ్ చూడాలో మీ ఆఫీసు ఆవిడనే అడగండి. మొదటి సిరీస్‌లో జార్జ్ భార్య క్యూబా సంతతి. ఆమె తండ్రి డాక్టరు, అల్లుణ్ని చిన్నచూపు చూస్తాడు. అది గమనిస్తే లాటినోలందరినీ, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లందరినీ, ఒకే గాటన కట్టడం మానేస్తారు. మనల్ని చూసి హిందీవాళ్లనుకునేవారి మీద మనకెంత చిరాకో గుర్తుందిగా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. లోపెజ్ జోకులను మీరు తిరిగి చెప్పకండి, ఆ యాసను అనుకరించకండి. మన విందుల్లో తోటపనివాళ్లను అనుకరించి నవ్వించే పెద్దమనుషులు తగులుతారు. వాళ్లను చూసి నేర్చుకోవద్దు. లోపెజ్ తన అమ్మమ్మ మీద జోకు వేస్తున్నాడు, మనం పొరుగువాడి మీద వేస్తాం.

ఎప్పుడైనా లాస్ ఏంజెలెస్ వస్తే ఏదైనా కామెడీ చిత్రీకరణకు ప్రేక్షకులుగా వెళ్లండి. లోపెజ్‌ది ఇప్పుడు లేకపోయినా ఇంకేదో ఒకటి దొరుకుతుంది. టికెట్లు ఉచితం, ముందే నమోదు చేసుకోవాలి. షాట్‌కూ షాట్‌కూ మధ్య జనాన్ని హుషారుగా ఉంచడానికి ఒక కమెడియన్‌ను పెడతారు. ఒక్క అరగంట ఎపిసోడ్‌కే గంటలకు గంటలు పడుతుంది, అందుకని కడుపు నింపుకుని వెళ్లండి.