నాలుగుసార్లు చదివినా వారానికి ఎందుకు పోతది?

దేవరకొండ అన్న అడిగిన ప్రశ్న: బిడ్డ పదో తరగతి. సోషల్ పాఠం నాలుగుసార్లు చదువుతది, ఆ రాత్రి అడిగితే గడగడ చెప్తది, వారం దాటితే సగం ఉండది. తెలివి తక్కువా, చదువుడు తక్కువా?

రెండూ కాదన్నా. చదివిందే చదివితే అక్షరాలు కళ్లకు అలవాటైతయి, ఆ అలవాటునే మనం "వచ్చేసింది" అనుకుంటం. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్నే కొలిచిండ్రు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాసింది. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినోళ్లకు 83 శాతం, రాసినోళ్లకు 71. వారానికి పెడితే తలకిందులు: చదివినోళ్లకు 40, రాసినోళ్లకు 61. మీరు ఆ రాత్రే అడుగుతున్నరు కాబట్టి మీకు ఆ 83 కనిపిస్తున్నది.

అందుకని ఇట్ల చేయించండి. నదులు, నీటి వనరుల పాఠమే తీసుకోండి. రెండు పేజీలు ఒక్కసారి నిదానంగా చదివి పుస్తకం మూసి పక్కన పెట్టాలె. తెల్ల కాగితం మీద గుర్తున్నదంతా రాయాలె. వరుస తప్పినా పర్వాలేదు. కృష్ణ ఎక్కడ పుట్టింది, తుంగభద్ర దాంట్లో ఏ ఊరి దగ్గర కలుస్తది, ఇట్ల. ఆగిపోయినా రెండు నిమిషాలు తన్లాడాలె, పుస్తకం తెరవొద్దు. తర్వాత తెరిచి, తప్పులు, వదిలేసినవి ఎర్ర పెన్నుతో దిద్దాలె. దిద్దకపోతే తప్పు జవాబే గట్టిపడే ప్రమాదం ఉంది. మరునాడు చదవకుండా ముందు రాయాలె, తర్వాతే చూడాలె.

మళ్లీ ఎప్పుడు? పరీక్ష ఎంత దూరముందో దాన్ని బట్టి. సెపెడా అనే పరిశోధకుడి బృందం 2008లో తేల్చిన లెక్క ప్రకారం వారంలో పరీక్షైతే ఒకటి రెండు రోజుల ఎడం మంచిది, ఏడాదికైతే మూడు వారాల నుంచి నెల. ఎడం వస్తే కొంత మరుస్తది, కష్టంగా గుర్తుతెచ్చుకుంటది. ఆ కష్టమే పనిచేసేది.

చీటీల మీద ప్రశ్నలు రాసుకునే పిల్లలు సాధారణంగా ఇక్కడ దెబ్బతింటరు: ఒకసారి చెప్పగలిగిన చీటీని పక్కన పడేస్తరు. మొదట చెప్పిన రోడిగర్, కార్పికేలే 2008లో 40 స్వాహిలీ (ఆఫ్రికా భాష) మాటలతో చూసినప్పుడు, వచ్చినవాటిని కూడా అడుగుతూ పోయినోళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నయి; అడుగుడు ఆపేసినోళ్లకు మూడో వంతు దగ్గరే. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తప్పులేకుండా వస్తేనే చీటీ తీసేయండి.

రంగు పెన్నుతో గీతలు గీసుడు మీద ఆశ పెట్టుకోవద్దు. పేజీ అందంగా ఉంటది, అంతే.

లెక్కల్లో ఇంకో కిటుకు. స్థూపం లెక్కలు ఇరవై, తర్వాత శంకువు లెక్కలు ఇరవై అని చేస్తే ఏ సూత్రం వాడాలో ఆలోచించే పనే ఉండదు. కలిపి ఇవ్వండి. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఘనపరిమాణం లెక్కలతోనే చూసిండ్రు: కలిపి చేసినోళ్లకు సాధనలో 60 శాతమే సరిగ్గా వచ్చినయి, విడివిడిగా చేసినోళ్లకు 89. వారం తర్వాత పరీక్షలో వరుసగా 63, 20. సాధనలో తప్పులు పెరిగినయని మధ్యలో ఆపకండి.

మీరు పక్కన కూర్చుని అడిగేటప్పుడు కొంచెం ఓపిక పట్టండి. తుంగభద్ర కృష్ణలో ఎక్కడ కలుస్తదని అడిగినప్పుడు బిడ్డ ఆగంగనే "అలం..." అని అందిస్తే "అలంపూర్" అంటది గానీ, అది మీరు గుర్తుచేసుకున్నట్టు.