ఎఫ్‌ఎస్‌సీ–ఎస్‌ఎస్‌సీ ప్లాట్‌లో లింఫోసైట్లు చెత్తలో కలిసిపోతుంటే

ఈడీటీఏ (గడ్డకట్టకుండా కలిపే రసాయనం) రక్తాన్ని లైస్ చేసి (ఎర్రకణాలను పగలగొట్టి), కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో నడిపితే, ఎఫ్‌ఎస్‌సీ (ముందుకు చెదిరే కాంతి)–ఎస్‌ఎస్‌సీ (పక్కకి చెదిరే కాంతి) ప్లాట్‌లో లింఫోసైట్లు, మోనోసైట్లు, గ్రాన్యులోసైట్లు మూడు గుంపులుగా విడిపోవడం లేదని, కింద ఎడమ మూలలో ఉన్న చెత్త లింఫోసైట్ల మీదికి పాకుతోందని, లేజర్ అలైన్‌మెంట్ పోయిందా అని అడిగారు. యంత్రం సరిగా ఉందో చూడటానికి రోజూ పెట్టే క్యూసీ బీడ్స్ (ప్రామాణిక పూసలు) పాసవుతుంటే లేజర్‌ని వదిలేయండి. ముందు లైసింగ్ చూసుకోండి.

ఎర్రకణం కాంతిని బాగా చెదరగొట్టేది లోపలున్న హీమోగ్లోబిన్ వల్లే. అది బయటికి పోతే మిగిలిన పొరకీ చుట్టూ ఉన్న ద్రవానికీ వక్రీభవన గుణకంలో పెద్ద తేడా ఉండదు, లేజర్‌కి దాదాపు కనపడదు. పగలని ఎర్రకణాలు మాత్రం సరిగ్గా లింఫోసైట్ల పక్కకే వచ్చి కూర్చుంటాయి.

లైసింగ్ బఫర్ లీటరుకి అమ్మోనియం క్లోరైడ్ 8.02 గ్రా., పొటాషియం బైకార్బొనేట్ 1 గ్రా., డైసోడియం ఈడీటీఏ 37 మి.గ్రా.; పీహెచ్ 7.2–7.4. నిల్వ ఉన్నకొద్దీ బైకార్బొనేట్ మారి పీహెచ్ పెరుగుతుంది, కాబట్టి వాడే ముందు చూసుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పోసేస్తారు చాలామంది, అప్పుడు సగం కణాలు పగలవు. 100 మైక్రోలీటర్ల రక్తానికి గది ఉష్ణోగ్రతలో ఉన్న బఫర్ 2 మి.లీ. పోసి, వెంటనే కలిపి, 10 నిమిషాలు ఉంచండి. ట్యూబు వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. 15 నిమిషాలు దాటితే తెల్లకణాలూ దెబ్బతింటాయి. సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైద్రవం పారబోసి, పీబీఎస్ (ఫాస్ఫేట్ బఫర్ ఉప్పునీరు) 2 మి.లీ.తో ఒకసారి కడిగి, 1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ప్రొటీన్) కలిపిన పీబీఎస్ అర మి.లీ.లో కలపండి. అడుగున ముద్ద ఎర్రగా కనిపిస్తే 1 మి.లీ. బఫర్‌తో ఇంకో 3 నిమిషాలు చాలు.

అప్పుడే పుట్టిన పిల్లలు, థలసీమియా, సికిల్ సెల్ రోగుల ఎర్రకణాలు ఈ బఫర్‌కి తేలిగ్గా లొంగవు. అక్కడ సమయం పెంచకండి, తెల్లకణాల మీదుండే సీడీ45 ప్రొటీన్‌కి అంటుకునే రంగు యాంటీబాడీ వేసి, దాన్ని ఎస్‌ఎస్‌సీతో ప్లాట్ గీయండి. ఎర్రకణాలకి, ప్లేట్‌లెట్లకి సీడీ45 ఉండదు కనుక ఎడమకి విడిపోతాయి. నేనైతే ఏ శాంపిల్‌కైనా లింఫోసైట్ గేటు (లెక్కలోకి తీసుకునే కణాల చుట్టూ గీసే హద్దు) ఇలాగే పెడతాను.

ఎఫ్‌ఎస్‌సీని కణం సైజు అనుకోవద్దు. పాలీస్టైరీన్ బీడ్ వక్రీభవన గుణకం 1.59, కణద్రవ్యానిది 1.36–1.38 దరిదాపు, 6 మైక్రాన్ల బీడ్ పడ్డచోట 6 మైక్రాన్ల కణం పడదు. నీళ్లెక్కువైన పీబీఎస్‌లో కణం ఉబ్బుతుంది, అయినా లోపలి సరుకు పలచబడి ఎఫ్‌ఎస్‌సీ తగ్గొచ్చు. చచ్చిపోతున్న కణాల ఎఫ్‌ఎస్‌సీ పడిపోతుంది, అవీ లింఫోసైట్ల కిందికే చేరతాయి. చచ్చిన కణాల్లోకే దూరే 7-ఏఏడీ రంగు వేసి వాటిని తీసేయండి.

గ్రాన్యులోసైట్లు కిందికి జారి మోనోసైట్లలో కలుస్తుంటే రక్తం తీసి ఎన్ని గంటలైందో కనుక్కోండి. ఒక రోజు దాటాక అవి శిథిలమై ఎస్‌ఎస్‌సీ తగ్గుతుంది, డిటెక్టర్ వోల్టేజీ ఎంత తిప్పినా బాగుపడదు. ఫార్మాల్డిహైడ్ ఉన్న రెడీమేడ్ లైసింగ్ ద్రావణానికి మారితే వోల్టేజీలు మళ్లీ సెట్ చేయాలి, పాత గేట్లు పనికిరావు.

శాంపిల్‌ని 40 మైక్రాన్ల జాలీలో వడకట్టి లో ఫ్లోలోనే నడపండి. వేగం పెంచితే కోర్ స్ట్రీమ్ (మధ్యలో శాంపిల్ పారే ధార) వెడల్పై గుంపులు చెదురుతాయి. ఇంత చేసినా గుంపులు సాగినట్టుంటే ఎఫ్‌ఎస్‌సీని టైమ్‌తో గీసి చూడండి. మధ్యలో గీత ఒక్కసారిగా పడిపోతే ఫ్లో సెల్‌లో గాలిబుడగో, గడ్డో ఉన్నట్టే.