చేర్చిన కాగితానికి మూడు తేదీలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన జార్జ్ వాషింగ్టన్ జీవితచరిత్ర 1855 నుంచి 1859 దాకా ఐదు సంపుటాలుగా వచ్చింది. దానికి బొమ్మలు, ఉత్తరాలు, మ్యాపులు చేర్పించి, ఎవరో అభిమాని మళ్లీ బైండు చేయించుకున్న ప్రతి గురించి రాశావు. మంచి విషయం పట్టుకున్నావు. కానీ చేర్చిన బొమ్మల్ని పుస్తకంతోపాటు పుట్టిన బొమ్మల్లాగే చూశావు. "ఈ యుద్ధం నాటికి వాషింగ్టన్ ఇలా ఉన్నాడు" అని రాసేశావు. వ్యాసం పట్టు తప్పింది అక్కడే.

చేర్చిన ప్రతి కాగితానికీ మూడు తేదీలుంటాయి. ఎదురు పేజీలో చెప్పిన సంఘటన జరిగిన తేదీ, ఆ కాగితం తయారైన తేదీ, దాన్ని తెచ్చి అక్కడ కూర్చిన తేదీ. ఈ మూడూ ఒకటి కావడం చాలా అరుదు. నువ్వు రాయవలసింది వాటి మధ్య ఎడం గురించి.

అచ్చయిన పుస్తకంలో ఇలా బొమ్మలు చేర్పించుకునే అలవాటుకు "గ్రాంజరైజింగ్" అనే పేరు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ పాస్టరు జేమ్స్ గ్రాంజర్ వల్ల వచ్చింది. 1769లో ఆయన ఇంగ్లండు ప్రముఖుల అచ్చుబొమ్మలకు ఒక పట్టిక లాంటి చరిత్ర వేశాడు. అది చూసి జనం బొమ్మల వేటలో పడ్డారు, పాత పుస్తకాల ముఖచిత్రాలు చింపడం మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న, సదర్లండ్ దంపతులు ఇలా బొమ్మలు చేర్చిన సేకరణ 61 సంపుటాలు. అలెగ్జాండర్ 1820లో పోయాక షార్లట్ దాన్ని కొనసాగించింది. కాలిఫోర్నియా హంటింగ్టన్ లైబ్రరీలో, ఇలాగే బొమ్మలు చేర్చిన కిట్టో బైబిల్ 60 సంపుటాలు. చరిత్ర భాగానికి ఇంత చాలు. నీ వ్యాసంలో దీనికి మూడు పేజీలు ఇచ్చావు, ఒక్క పేరాకు తగ్గించు.

ఇక బొమ్మలు. వాషింగ్టన్ సైన్యాధిపతి అయిన ఏడాదే, 1775 సెప్టెంబరు 9 తేదీతో, లండన్‌లో ఒక మెజోటింట్ (రాగిరేకును గరుకు చేసి, వెలుగు కావలసినచోట నునుపు చేసి వేసే అచ్చుబొమ్మ) వెలువడింది. విలియమ్స్‌బర్గ్ వాడైన అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ మనిషిని ఎదురుగా చూసి గీసిన బొమ్మ ఆధారంగా చేశామని కింద చెక్కి ఉంటుంది. తేదీ ఉంది, చిత్రకారుడి పేరుంది, ఊరుంది. ఎవరైనా నమ్ముతారు. కానీ 1776 జనవరి 31న, తన కార్యదర్శిగా పనిచేసిన జోసెఫ్ రీడ్‌కు రాసిన ఉత్తరంలో వాషింగ్టనే, తనకు తెలిసినంతలో ఆ క్యాంప్‌బెల్‌ని ఎన్నడూ చూడలేదని, ముఖంలో భయంకరత్వం మాత్రం సరిపడా దట్టించాడని అన్నాడు. ఆ ప్రింటు నీ ప్రతిలో ఉంటే దాన్ని వాషింగ్టన్ రూపంగా వర్ణించకు. అమెరికా సైన్యాధిపతి ఎలా ఉంటాడని లండన్ కొనుగోలుదార్లు ఊహించుకున్నారో చెప్పే సాక్ష్యంగా రాయి. అప్పుడు దాని విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

నాలుగో సంపుటంలో యార్క్‌టౌన్ యుద్ధం దగ్గర, అక్కడ వాషింగ్టన్‌కు లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ బొమ్మ ఉందన్నావు. కింద బిరుదు ఏమని ఉందో చూశావా? 1781 అక్టోబరులో లొంగిపోయినప్పుడు ఆయన ఎర్ల్. దానికన్నా పై బిరుదైన మార్క్విస్ అయింది 1792లో, టిప్పు సుల్తానుతో శ్రీరంగపట్నం సంధి కుదిరిన ఏడాది. మన కడప సీమ నిజాం చేతికి వెళ్లింది ఆ సంధితోనే. కాబట్టి "మార్క్విస్" అని చెక్కి ఉంటే ఆ ప్రింటు యార్క్‌టౌన్‌కు కనీసం పదేళ్లు తర్వాతది. ఛాతీ మీద గార్టర్ (బ్రిటిష్ రాజు ఇచ్చే అత్యున్నత గౌరవం) నక్షత్రం ఉంటే, ఆ గౌరవం దక్కింది 1786లో. ఓడిన సేనాని పేజీకి ఎదురుగా, భారతదేశంలో గెలిచిన గవర్నర్ జనరల్ కూర్చుని ఉన్నాడన్నమాట. సేకర్త కావాలని పెట్టాడో, దొరికింది పెట్టాడో తెలియదు. నువ్వు తేల్చి చెప్పనక్కర్లేదు, చూపిస్తే చాలు.

పదింతల భూతద్దం ఒకటి కొనుక్కో. మెజోటింట్‌లో గీతలుండవు, నలుపు మఖమల్‌లా ఉంటుంది. స్టిపుల్ అనే మరో పద్ధతిలో అంతా చుక్కలే, కానీ చుక్కలు వరసలో ఉండవు. చుక్కలు గళ్ల వలలా సమంగా ఉంటే అది హాఫ్‌టోన్, అంటే ఫోటోలను అచ్చువేసే పద్ధతి, 19వ శతాబ్దం చివరిదో ఆ తర్వాతదో. రాగిరేకుతో అచ్చయిన బొమ్మ చుట్టూ రేకు నొక్కిన గాడి తగులుతుంది. ఆ గాడి కనిపించకపోతే ఎవరో అంచులు కత్తిరించారని అనుమానించు. ప్రచురణకర్త పేరు, తేదీ ఉండే వరస సాధారణంగా కింది అంచునే ఉంటుంది. కత్తెర పడితే ముందు పోయేది అదే, దాంతోపాటు రెండో తేదీ కూడా.

ఉత్తరాల దగ్గర ఇంకా నెమ్మదిగా ఉండు. కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, పాత కాగితంలో సుమారు అంగుళానికొకటి చొప్పున నిలువు గీతలు కనిపిస్తాయి. గీతల్లేని నున్నటి వోవ్ కాగితం అచ్చుపుస్తకంలోకి వచ్చిందే 1757లో. అందుకని 1755 తేదీ వేసిన ఉత్తరం అలాంటి కాగితం మీద ఉంటే అక్కడే ఆగిపో. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ స్ప్రింగ్ అనేవాడు వాషింగ్టన్ చేతిరాతతో పాసులు, చెక్కులు దొంగగా సృష్టించి అమ్మాడు. పాత పుస్తకాల ఖాళీ పేజీలే అతని కాగితం. అంటే కాగితం పాతదైనంత మాత్రాన రాత పాతదని కాదు. ఇక లితో (రాతిపలక మీది నుంచి అచ్చువేసే) నకళ్లలో సిరా అంతటా ఒకే చిక్కదనంతో ఉంటుంది. కలం నొక్కినచోట ముదరడం, రెండు గీతలు దాటినచోట ఇంకాస్త నల్లబడడం అసలు రాతలోనే చూస్తాం.

ఉత్తరం పాఠాన్ని అచ్చుప్రతి నుంచి ఎత్తిరాయకు. వాషింగ్టన్ రచనల్ని 1830లలో సంపాదకత్వం చేసిన జారెడ్ స్పార్క్స్ భాషను దిద్దేశాడు. "ఓల్డ్ పుట్" అని చనువుగా రాసినచోట "జనరల్ పుట్నం" అని మార్చాడు. పైగా వాషింగ్టన్ వాడకుండా వదిలేసిన ఒక ప్రసంగం చిత్తుప్రతిని ముక్కలుగా కోసి, చేతిరాత అడిగినవాళ్లకు పంచాడు. నీ ప్రతిలో మొదలూ తుదీ లేని నాలుగు వరసల ముక్క ఉంటే, అలాంటి కోతల్లోంచి వచ్చి ఉండవచ్చని గుర్తుంచుకో.

మ్యాపుల్లో ఒక్కటే చెబుతాను. 1755 నాటి జాన్ మిచెల్ మ్యాపు ఎనిమిది షీట్లది, మొత్తం పరిస్తే మనిషి ఎత్తును మించుతుంది. తర్వాతి ముద్రణల్లోనూ అదే తేదీ నిలిచిపోయింది. శీర్షిక చదువు: "బ్రిటిష్, ఫ్రెంచి" రాజ్యాలని ఉంటే ముందుది, "బ్రిటిష్ కాలనీలు" అని మారి ఉంటే అమెరికా యుద్ధం నాటిది.

మూడో తేదీ బైండింగులో ఉంటుంది. చిన్న బొమ్మను పెద్ద పేజీకి సమం చేయడానికి బైండరు పెద్ద కాగితంలో కిటికీ కోస్తాడు. కిటికీ బొమ్మ కన్నా ప్రతి వైపూ రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ. రెండు అంచుల్నీ చాకుతో పలచగా గీకి, గోధుమపిండి గంజి పలచగా రాసి, అద్దుడు కాగితాల మధ్య బరువు కింద ఆరబెడతాడు. ఉత్తరమైతే రెండు వైపులా చదవచ్చు. గంజి ఎక్కువైనా, రెండు కాగితాల నార ఒకే దిశలో లేకపోయినా పేజీ అలలు తిరుగుతుంది. తడి పాత సిరాకు తగిలితే అక్షరం చుట్టూ గోధుమరంగు పాకుతుంది. చేర్చిన కాగితాల వల్ల పుస్తకం ముందువైపు ఉబ్బుతుంది కాబట్టి, వెన్ను దగ్గర సన్నటి కాగితపు పట్టీలు కలిపి కుడతారు. కిటికీ కాగితంలో వాటర్‌మార్కు వెతుకు. ఇంగ్లిషు కాగితాల్లో 1794 తర్వాత సంవత్సరం వేయడం సాధారణమైంది. బొమ్మకు కాకపోయినా, చట్రానికి ఒక తేదీ దొరుకుతుంది.

మళ్లీ వెళ్లినప్పుడు పెన్సిలు, స్కేలు మాత్రమే తీసుకెళ్లు. పుస్తకాన్ని పూర్తిగా తెరవకు, రెండు పక్కలా మెత్తటి ఆనింపులు అడుగు. ఒక్కో కాగితానికి ఒక్కో వరస: ఎదురు పేజీ సంఖ్య, అక్కడి వాక్యం, కాగితం కొలత, కింద చెక్కిన మాటలు ఉన్నవి ఉన్నట్టు, మూడు తేదీలు. తెలియని గడి ఖాళీగా వదిలెయ్. ఎదురుగా ఏమీ లేకుండానే పేజీ మీద గోధుమరంగు చతురస్రం నీడలా పడి ఉంటే, అక్కడ ఒకప్పుడు ఒక ప్రింటు ఉండేది, ఎవరో తీసేశారు. ఆ నీడ పొడవు, వెడల్పు కూడా కొలిచి రాసుకో.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి